చెల్లో ఆగిన చోట నేనందుకున్న పాట

తీర్పు ముందే రాసుకుని, చూడటానికి తర్వాత బయలుదేరిన ప్రయాణం ఇది. నా చేతిసంచిలో ఒక నోటుపుస్తకం ఉంది. రైలెక్కక ముందే అందులో మొదటి పేజీ మీద "నేను కళ్ళారా చూశాను" అని మొదలుపెట్టి పదకొండు వాక్యాలు రాసుకున్నాను. చూడాల్సినది ఇంకా రెండు రోజుల దూరంలో ఉంది.

మాది మహబూబాబాద్. మా తమ్ముడు జయపాల్ అక్కడ ఒక చిన్న సంఘానికి పాస్టరు. అదే సంఘంలో నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకు వాక్యం చెబుతున్నాను, స్త్రీల కూడికలో పాట ఎత్తుతున్నాను. తమ్ముడి కూతురు ప్రసన్న నా దగ్గరే పాట నేర్చుకుంది. డిగ్రీ చదువుకని సికింద్రాబాద్ వెళ్ళి, అక్కడ చెల్లో అనే వాయిద్యం పట్టుకుంది. వయొలిన్‌కు పెద్దక్క లాంటిదది. భుజాన పెట్టుకునేది కాదు, కుర్చీలో కూర్చుని రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించేది. అలా కూర్చున్న ఫోటో ఒకటి ఎవరి ఫోన్లోంచో మా ఊరు చేరగానే సంఘం ప్రార్థన జాబితాలో ప్రసన్న పేరు ఎక్కింది. షుగరు ఉన్నవాళ్ళకూ, కోర్టు కేసులు ఉన్నవాళ్ళకూ మధ్యలో.

డిగ్రీ అయిపోయింది. ఇంటికొచ్చి బీఎడ్‌లో చేరమని తమ్ముడు, ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండి చెల్లో పూర్తిగా నేర్చుకుంటానని పిల్ల. నెల రోజులు ఇంట్లో అన్నాలు సరిగ్గా లేవు. ఆఖరికి తమ్ముడు నా ముందుకొచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నువ్వే పోయి చూసిరా. నువ్వు మంచిదంటే ఉంటది. కాదంటే సామాను కట్టుకుని వస్తది. నేను మళ్ళ నోరు తెరవ."

ప్రసన్న కూడా సరేనంది. శనివారం సాయంత్రం మారేడ్‌పల్లిలో కచేరీ. ఇటలీ దేశాన్ని తలుచుకుని రాసిన సంగీతమట. అందులో ఒక పెద్ద పాట ప్రసన్నది, వెనక నలభై మంది వాయించేవాళ్ళు. పిల్ల ఇంటికి రావాల్సిందేనని తేల్చిన పదకొండు వాక్యాలతో నేను రైలెక్కాను.

మెట్టుగూడ, గురువారం

ప్రసన్న అద్దెకుంటున్నది మెట్టుగూడలో, రిటైరైన రైల్వే గార్డు గారింటి మేడ మీద ఒక గదిలో. తలుపు తీయగానే మూలన నిలబెట్టిన నల్లటి పెట్టె కనబడింది. నిలువెత్తు పెట్టె, ఇత్తడి గొళ్ళేలు. సమాధి కార్యక్రమాలు వందల కొద్దీ చూసినదాన్ని. నా పెదవులు వాటంతట అవే ప్రార్థన మొదలుపెట్టాయి.

"అత్తమ్మా, అది చెల్లో పెట్టె," అంది ప్రసన్న.

"తెలుసు లేవే," అన్నాను. సగం చేసిన ప్రార్థనను ప్రయాణ క్షేమం మీదికి మళ్ళించి ఆమేన్ అన్నాను.

ఇంటి యజమానురాలు శకుంతలమ్మ నేనొచ్చిన పది నిమిషాలకే పైకి వచ్చింది. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతిలో గిన్నెడు సర్వపిండి. మా ఊళ్ళో సర్వపిండి మందంగా చేస్తాం, ఆమెది అప్పడంలా విరుగుతోంది. పట్నం వచ్చాక సర్వపిండి కూడా చిక్కిపోయిందన్నమాట.

"మీ పిల్ల వాయిస్తుంటే నాకు కూర మాడిపోతది సుగుణమ్మా," అంది. "వినుకుంట పొయ్యి కాడ నిలవడిపోతా."

"మీకు తక్లీఫ్ అయితే చెప్పండి, మానిపిస్తాను," అన్నాను ఆశగా. అది పన్నెండో వాక్యం అవుతుంది.

"తక్లీఫా? మా ఆయన ముప్పై అయిదేండ్లు గూడ్సు బండి మీద పన్న మనిషి. చప్పుడు లేకుంటే నిద్ర పట్టది. గీ పిల్ల వచ్చినంక మధ్యాన్నం మందు లేకుండ పంటున్నడు. పిల్లను తీస్కపోతరా ఏంది? జెర చెప్పి తీస్కపోండి, మళ్ళ మందులు తెచ్చుకోవాలె."

ఆ మాట రాసుకోలేదు.

సాయంత్రం ప్రసన్న సాధనకు కూర్చుంది. వినకూడదని గోడవైపు తిరిగి వాక్యం చదువుకోవడం మొదలుపెట్టాను. ఆమె ఒక్కో వరసనే పట్టుకుని ఇరవై సార్లు తోముతోంది, గిన్నె అడుగు తోమినట్టు. ఇటలీలో పడవవాళ్ళు తెడ్డు వేస్తూ పాడుకునే వరసను తలుచుకుని రాసిన పాటట. ఒక గీత అయిపోగానే తర్వాత గీత. మధ్యలో ఊపిరి కూడా తీసుకోవడం లేదు. గంట తర్వాత నేను ఒకే వచనం తొమ్మిదిసార్లు చదివానని గ్రహించాను. ఆ వచనం ఇప్పటికీ నోటికి రాదు. ఆ వరస మాత్రం వచ్చేసింది.

పద్మారావు నగర్, శుక్రవారం

చెల్లో తీగల మీద రాసి వాయించే కమానుకు కొత్త వెంట్రుకలు కట్టించాలని పద్మారావు నగర్ తీసుకెళ్ళింది. పోతూ పోతూ బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. నాలుగు నలభై రూపాయలు. మా దగ్గర నలభైకి ఎనిమిది ఇస్తారు, ఉల్లిపాయ వేరే. ఆ సంగతి బండివాడికి చెప్పాను. "అయితే ఆడికే పోయి తిను పెద్దమ్మా," అన్నాడు, కోపం లేకుండా.

వాయిద్యాలు బాగుచేసే ఖాదర్ భాయ్ దుకాణం ఒక మనిషి పక్కకు తిరిగితే నిండిపోయేంత ఉంది. ఆయనది జనగామ. మా వైపు మనిషే అని తెలిశాక నాకు కుర్చీ వేశాడు, తను నిలబడ్డాడు. గంటసేపటికి కమాను పనంతా అయిపోయి తెల్లగా, సాపుగా బల్ల మీద పడుకుని ఉంది. ఆ వెంట్రుకలు గుర్రం తోకవట.

"గుర్రం తోకతోనా ఇంత చప్పుడు?"

"ఉత్త తోక పలకదమ్మా," అన్నాడు. తేనె రంగు ముద్ద ఒకటి చూపించాడు, చెట్టు బంకతో చేసింది. "గీ రోజిన్ రుద్దకుంటే గుర్రం సుత మాట్లాడది."

రేపు ఆ గుర్రం తోక మీదే పిల్ల బతుకు ఆధారపడి ఉంది కదా అనిపించింది. పదకొండు వాక్యాలు రాసుకున్న మనిషికి అంత జాలి ఎందుకని మీరు అడగవచ్చు. తీర్పు తీర్పే, ప్రార్థన ప్రార్థనే. మా సంఘంలో కొత్త స్కూటరు కొన్నా, కుట్టుమిషను కొన్నా దాని మీద చేతులుంచి ప్రార్థన చేస్తాం. నేను లేచి, కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ కమాను వెంట్రుకల మీద ఆనించాను.

"అత్తమ్మా!" అని ప్రసన్న అరిచిన అరుపుకు పక్క దుకాణం వాళ్ళు తొంగి చూశారు.

కొత్తగా కట్టిన వెంట్రుకలను చేత్తో తాకకూడదట. ఒంటి జిడ్డు తగిలినా అవి తీగ మీద పట్టుకోక జారిపోతాయట. నా చేతులకున్నది ఒంటి జిడ్డు కాదు, నాలుగు మిరపకాయ బజ్జీల నూనె.

ప్రసన్న తల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "రేపు కచేరీ అత్తమ్మా. నేను ఏం చెయ్యాలె?"

ఖాదర్ భాయ్ నన్ను తిట్టలేదు. కమాను ఎత్తి వెలుగులో చూశాడు. "పరేషాన్ కాకు బిడ్డా. స్పిరిట్‌తోని తుడుస్తా, పోకుంటే మళ్ళ కడ్తా. నమాజ్‌కు పోయొచ్చి కూసుంటా." నా వైపు తిరిగి చాలా మర్యాదగా అన్నాడు, "దువా దూరం నుంచి చెయ్యమ్మా. అందుతది."

ఆయన నమాజుకు వెళ్ళి వచ్చేదాకా ఆ దుకాణం గడప మీద అత్తా కోడళ్ళం కూర్చున్నాం. నేను చేతులు ఒడిలో బోర్లించుకున్నాను, వాటినెవరూ చూడకుండా. ఆయన వచ్చి రెండు గంటలు కూర్చుని కమాను బాగుచేశాడు. తుడిచినదానికి డబ్బు వద్దన్నాడు. జనగామ మీదుగా వెళ్ళేటప్పుడు తన తమ్ముడికి సలాం చెప్పమన్నాడు. రైలు అక్కడ రెండు నిమిషాలే ఆగుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మారేడ్‌పల్లి, శనివారం సాయంత్రం

ఒక బడి ఆడిటోరియంలో కచేరీ. ప్రసన్న ముందే వెళ్ళిపోయింది. నేను టికెట్టు చేత్తో పట్టుకుని, పట్టుచీర కట్టుకుని, తలుపు ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. పదిమంది కూడి కూర్చునే చోటికి చెప్పులతో వెళ్ళడం నా కాళ్ళకు రాదు.

"అమ్మా, ఓ అమ్మా!" అని వాచ్‌మన్ వెనకాలే వచ్చాడు. "చెప్పులు గీడ ఎందుకిడిసినవ్? గుడా ఇది?"

వెనక్కి చూశాను. అంత పెద్ద గడప ముందు ఒకే ఒక్క జత, నాది. అందరూ బూట్లతోనే లోపలికి నడుస్తున్నారు. తిరిగి వెళ్ళి తొడుక్కుంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టవుతుంది. "మా అలవాటు బాబూ, చూస్తుండు," అని గంభీరంగా నడిచాను. లోపల ఏసీ. పది నిమిషాల్లో కాళ్ళు కొయ్యబారాయి. గర్వానికి ఇంత తొందరగా శిక్ష పడటం నేనెన్నడూ చూడలేదు.

పక్క సీట్లో మారేడ్‌పల్లిలోనే ఉండే ఒక పెద్దావిడ, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారట. నా కాళ్ళ వైపు ఓసారి చూశారు. ఒక్క సలహా ఇచ్చారు. "మధ్యమధ్యలో ఆగుతారండీ. అప్పుడు చప్పట్లు కొట్టకూడదు. అంతా అయిపోయాకే." చేతులు కట్టుకుని కూర్చున్నాను. చేతుల విషయంలో నిన్ననే బుద్ధొచ్చింది కదా.

మొదటి పాట ఇటలీ సంతను తలుచుకుని రాసిందని లోపల పంచిన కాగితంలో ఉంది. నలభై మంది ఒకేసారి మొదలుపెట్టేసరికి నా ఎముకలు కదిలాయి. మా సంఘంలో డోలక్, కీబోర్డు, నాలుగు జతల తాళాలు ఉంటాయి. ఎవరి ఉత్సాహం వారిది, ముందు వెళ్ళినవాళ్ళు వెనకవాళ్ళ కోసం ఆగరు. ఇక్కడ ఇరవై కమానులు ఒకే కోణంలో లేచి ఒకే కోణంలో దిగుతున్నాయి. నలభై మందినీ ఒకే మనిషి పుల్లతో నడుపుతున్నాడు, నోరు విప్పకుండా. మా తమ్ముడు మైకు పట్టుకుని కూడా సాధించలేని పని.

విరామంలో కాఫీ నూట ఇరవై రూపాయలు. కాళ్ళు వెచ్చబడతాయని తాగాను.

తర్వాత ప్రసన్న వచ్చింది. నల్లటి బట్టలు, పాదాల దాకా కుచ్చిళ్ళ గౌను. కూర్చుని చెల్లోను దగ్గరికి తీసుకుంది. నెలరోజులుగా నేను ప్రార్థనలో మోసిన ఆ మోకాళ్ళు ఎక్కడున్నాయో నాకు కనబడలేదు. ముఖం కనబడింది. చిన్నప్పుడు పాట నేర్పుతుంటే నా పెదవుల వైపు అలాగే చూసేది.

పాట మొదలైంది. మెట్టుగూడ గదిలో ముక్కలు ముక్కలుగా విన్నది ఇక్కడ ఒకే నీరై పారుతోంది. వెనక వయొలిన్లు అలలు వేస్తున్నాయి, చెల్లో వాటి మీద పడవలా వెళుతోంది. నాకు తెలిసిన వరస వచ్చింది. ఒకసారి, రెండోసారి. మూడోసారి వెనక నలభై మందీ తగ్గిపోయారు. చెల్లో ఒక్కటే పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఆగిపోయింది.

హాలు మొత్తం నిశ్శబ్దం. పుల్ల పట్టిన కండక్టర్ చేయి గాల్లో ఉంది. ప్రసన్న కమాను గాల్లో ఉంది. ఎవరూ కదలడం లేదు.

పిల్ల మర్చిపోయింది.

నాకు అదే అర్థమైంది. ఇంట్లో సాధన చేసినప్పుడు ఇక్కడ ఆగలేదు, గీత దాటి గీతకు దూకింది. ఇప్పుడు ఆగింది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒంటరిగా పాడేవాళ్ళు చరణం మర్చిపోయినా, గొంతు పూడుకుపోయినా పక్కన తెలిసినవాళ్ళు వెంటనే అందుకోవాలి. వాళ్ళు తేరుకునేదాకా పాటను మోయాలి. ఆ మనిషిని సిగ్గుపడనివ్వకూడదు. చిన్నప్పుడు ప్రసన్నను అలా ఎన్నిసార్లు మోశానో లెక్కలేదు. మూడు వందల మంది ఆ పిల్లను చూస్తూ కూర్చున్నారు, ఒక్కరూ అందుకోవడం లేదు. ఏం మనుషులు వీళ్ళు అనిపించింది.

నేను అందుకున్నాను.

మాటలు లేవు కాబట్టి "ఆ" అని ఎత్తాను. నాది కూడికలకు మైకు అక్కర్లేని గొంతు. పడవవాళ్ళ వరస మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, నాలుగో వరుసలోంచి. తలలన్నీ తిరిగాయి. ఎవరో నవ్వారు. ఎవరో "ష్" అన్నారు. పక్కనున్న పెద్దావిడ చేయి నా మోచేతి మీద పడింది. తప్పు చేశానని అప్పుడర్థమైంది. కానీ మొదలుపెట్టిన వరసను మధ్యలో విడవడం అంతకన్నా పాపంలా అనిపించి, చివరిదాకా పాడి ఆపాను.

ప్రసన్న నా వైపు చూడలేదు. కమానును అలాగే గాల్లో పట్టుకుని, నా ఊపిరి అయిపోయేదాకా ఉంది. తర్వాత, నా గొంతు ఏ స్వరం మీద ఆగిందో అదే స్వరాన్ని, దారమంత సన్నగా, తీగ మీద పెట్టింది. కండక్టర్ చేయి దిగింది. నలభై మందీ మళ్ళీ అందుకున్నారు.

మిగతా పాట నేను వినలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అంతా అయ్యాక హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే, వంగి వంగి బయటికి పారిపోయాను. వాచ్‌మన్ నా చెప్పులను తన స్టూలు కింద దాచి ఉంచాడు.

ప్రసన్న అక్కడికే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అది మర్చిపోవుడు కాదత్తమ్మా. అక్కడ సైలెన్స్ అని రాసి ఉంటది."

"రాసి ఉంటదా? ఏమీ వాయించొద్దని రాసుకుంటారా?"

"రాసుకుంటరు. ఎంతసేపనేది కండక్టర్ ఇష్టం. నెల రోజుల్నుంచి అందరం కలిసి ఆ ఒక్క జాగ కోసం ప్రాక్టీస్ చేసినం. వాయించేది కాదు, ఆగేది."

మా సంఘంలోనూ మౌన ప్రార్థన అని ఒకటుంది. అర నిమిషం గడవకుండానే ఎవరో ఒకరు "స్తోత్రం" అంటారు. చాలాసార్లు అది నేనే.

"నన్ను క్షమించవే," అన్నాను. "ఆయన ఏమన్నా అన్నాడా, ఆ పుల్లాయన?"

"అన్నడు. ఎవరామె అన్నడు. మా అత్తమ్మ అని చెప్పిన." ముక్కు తుడుచుకుంది. "శ్రుతి తప్పలేదన్నడు."

నేను చెప్పులు తొడుక్కున్నాను.

"నాన్నకు ఏం చెప్తవో నాకెర్కే," అంది. "గురువారమే నీ నోటుపుస్తకం చూసిన. మొత్తం రాసుకునే వచ్చినవ్."

చూసి కూడా నాకు రెండు రోజులు వండి పెట్టింది. చూసి కూడా నా పాట అయ్యేదాకా కమాను దించలేదు. ఆ పేజీని అక్కడే చించి, వాచ్‌మన్ పక్కనున్న చెత్తబుట్టలో వేశాను.

"జరిగింది జరిగినట్టు చెప్తానే," అన్నాను.

"నువ్వు పాడింది చెప్పకు. నాన్న తల ఎత్తుకోలేడు."

"సగం చెప్తే అది సాక్ష్యం కాదు."

మహబూబాబాద్, ఆదివారం సాయంత్రం

కూడికలో లేచి అంతా చెప్పాను. పెట్టెను చూసి ప్రార్థించడం, బజ్జీల నూనె, విడిచిన చెప్పులు. ఆఖరికి పాడటం కూడా. ఆ హాల్లో దేవుని పేరు ఎవరూ ఎత్తలేదని చెప్పాను, ఎందుకంటే అది నిజం. మూడు వందల మంది కలిసి ఊపిరి బిగబట్టి ఆగిన చోట నేనొక్కదాన్నే ఆగలేకపోయానని కూడా చెప్పాను, అదీ నిజమే. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు నిశ్చలంగా కూర్చోమని నేర్పుతున్నది నేనే.

నవ్వుతారనుకున్నాను. ముందు వరసలో కూర్చున్న ముసలి మరియమ్మ లేచింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా! పిల్ల ఆగితే అందుకోవద్దా? గంతమంది ఉండి ఏం చేస్తున్నరు ఆడ?"

"ఆమేన్," అంది సంఘం. అది రాసి పెట్టిన నిశ్శబ్దమని నేను ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

తమ్ముడు మాత్రం ఆమేన్ అనలేదు. ఇంటికి వచ్చాక చాప మీద కూర్చుని అడిగాడు.

"నువ్వు పాడుతుంటే పిల్ల ఏం చేసిందక్కా?"

"ఆగింది. నేను ముగించేదాకా ఆగి, నేను విడిచిన కాడినుంచే ఎత్తుకుంది."

"కోపం రాలేదా?"

"వచ్చింది. పాటంతా అయినాక వచ్చింది."

చాప అంచులో ఒక పోచ పీకాడు. "మరి నీ మాట ఏంది? ఉండమంటవా, రమ్మంటవా?"

"ఉండనియ్ తమ్ముడూ. మనం నేర్పనిది ఏదో ఆ పిల్ల అక్కడ నేర్చుకుంటోంది. మనం నేర్పింది విడువలేదు."

ఇంకో మాట మాట్లాడనని ముందే అన్నాడు కాబట్టి మాట్లాడలేదు. ఫోన్ తీసి ప్రసన్నకు చేశాడు.

"ఆ బిడ్డా, నాన్నను. బీఎడ్ సంగతి ఇప్పుడొద్దు లే. మళ్ళ ఎప్పుడు వాయిస్తవ్?... నేను సుత వస్తా... లే లే, నేనొక్కన్నే వస్తా, అత్తమ్మను తీస్కరాను, నువ్వేం పరేషాన్ కాకు."

అవతల ఆమె ఏమందో నాకు వినబడలేదు. తమ్ముడు చాలాసేపు విన్నాడు. తర్వాత నా వైపు చూసి, ఫోన్లోకి అన్నాడు.

"సరే తియ్. ఎనక వరసల కూసోవెడ్తా."